పదేళ్ల తర్వాత కూడా ఆ ఫైలు తెరుచుకుంటుందా?

ప్రశ్న: అన్నగారూ, నమస్కారం. మాది నందిగామ. మావారు 2004లో ఇక్కడ డీటీపీ సెంటర్ పెట్టారు. ఆయనకు చూపు మందగించాక నాలుగేళ్లుగా షాపు నేనే చూసుకుంటున్నాను. పెళ్లి కార్డులు, కరపత్రాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, ఏడాదికి మూడు నాలుగు కవితల పుస్తకాలు చేస్తాను. కంప్యూటర్‌లో విండోస్ 7, పేజీలు కట్టే పేజ్‌మేకర్, అను తెలుగు ఫాంట్లు ఉన్నాయి. ఆపిల్ కీబోర్డు మీద నాకు చేయి బాగా తిరిగింది. ఇప్పుడు సిస్టమ్ మాటిమాటికీ ఆగిపోతోంది, కొత్తది కొనక తప్పేలా లేదు. కంప్యూటర్లు అమ్మే అతను రెండు వేలు ఎక్కువిస్తే అన్ని సాఫ్ట్‌వేర్లూ లోడ్ చేసి ఇస్తానంటున్నాడు. ఇంజినీరింగ్ చదువుతున్న మా అబ్బాయి ఇన్‌డిజైన్ తీసుకోమంటాడు. పక్క ఫ్లెక్సీ షాపువాళ్లు కోరల్‌డ్రా ఒక్కటి చాలంటారు. తెలిసిన మాస్టారు ఒకరు డబ్బులు దండగ, ఫ్రీగా దొరికేవి ఉన్నాయంటారు. నా దగ్గర అరవై వేలున్నాయి. పాత ఫైళ్లు పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది. ఏది మంచిదో ఒక్కటి చెప్పండి.
– ఒక పాఠకురాలు

చెల్లెమ్మా,

మీకు సలహా ఇచ్చిన నలుగురూ సాఫ్ట్‌వేర్ గురించే చెప్పారు. మీ పాత ఫైళ్ల సంగతి ఒక్కరూ ఎత్తలేదు. మీరు ఉత్తరం చివర్లో ఒక్క వాక్యంలో రాసిన ఆ టెన్షనే నాకు అసలు ప్రశ్నగా కనిపించింది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

నేను విజయవాడలో డీటీపీ పని చేసే రోజుల్లో, 1999లో, ఒక రచయిత నవల కంపోజ్ చేశాను. రెండు వందల ఎనభై పేజీలు. పని అయ్యాక ఫైళ్లన్నీ సీడీలోకి ఎక్కించి బీరువాలో భద్రంగా పెట్టాను. 2015లో ఆయన రెండో ముద్రణ వేద్దామని వచ్చారు. సీడీ పనిచేసింది, ఫైలు కూడా తెరుచుకుంది. కానీ తెర మీద తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, కామాలు, అర్థం కాని గీతలు పేజీల నిండా ఉన్నాయి. ఆ ఫాంట్లు మాకు అమ్మిన కంపెనీ అప్పటికే మూతపడింది. ఆ ఫాంట్ల సాఫ్ట్‌వేర్ నడవాలంటే కంప్యూటర్ వెనక ప్రింటర్ పోర్టుకు ఒక హార్డ్‌వేర్ లాక్ తగిలించాలి. కొత్త కంప్యూటర్లకు ఆ పోర్టే లేదు. చివరికి అచ్చయిన పుస్తకం ఎదురుగా పెట్టుకుని మొత్తం మళ్లీ కొట్టాం. డెబ్బై దాటిన ఆ పెద్దాయన తను రాసిన నవలకే మళ్లీ మూడుసార్లు ప్రూఫులు దిద్దారు. ఆ రోజు ఆయన ముందు నిలబడటానికి నాకు మొహం చెల్లలేదు.

ఏ సాఫ్ట్‌వేర్ గురించి ఎవరు అడిగినా అప్పటి నుంచి నేను ముందు చూసేది ఒక్కటే. ఆ కంపెనీ రేపు లేకపోయినా, నేను రేపు డబ్బు కట్టలేకపోయినా, నేను కొట్టిన మేటరు నా చేతిలో ఉంటుందా?

మీ దగ్గరున్న ఫైళ్లకు ఈ బెడద ఎందుకుందో చెబుతాను. అను లాంటి ఫాంట్లతో కొట్టినప్పుడు కంప్యూటర్‌కు మీరు కొట్టింది ‘క’ అని తెలియదు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన గళ్లలో తలకట్లు, గుడులు, కొమ్ములు, ఒత్తుల బొమ్మలు సర్దిపెట్టారు. తెర మీద అవి కలిసి తెలుగులా కనిపిస్తాయి. ఫైలులో ఉన్నవి మాత్రం ఇంగ్లీషు గుర్తులే. మీ పేజ్‌మేకర్‌లో ఒక పేరా పట్టుకుని ఫాంటును ఏరియల్ అనే ఇంగ్లీషు ఫాంటుకు మార్చి చూడండి, వెంటనే తెలుస్తుంది. ఆ పద్ధతిని నేను తప్పుపట్టడం లేదు. విండోస్‌కు తెలుగు రాని రోజుల్లో మన పుస్తకాలు, పత్రికలు, పెళ్లి కార్డులు బయటికొచ్చింది ఆ ఫాంట్ల పుణ్యానే. ప్రియాంక, అనుపమ ఫాంట్లు చూడగానే గుర్తుపట్టే కళ్లు ఇప్పటికీ ఊరూరా ఉన్నాయి.

యూనికోడ్ అనే అక్షరాల పద్ధతిలో అలా కాదు. అందులో ‘క’కు సొంత సంఖ్య ఉంది. ఏ ఫాంటు పెట్టినా, ఏ కంప్యూటర్‌లో తెరిచినా, ఫోనులో చూసినా అది ‘క’గానే ఉంటుంది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటిచ్చారు. విండోస్‌లోకి మాత్రం 2001లో ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో వచ్చింది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 కూడా 2001లోనే వచ్చింది. అందులో యూనికోడ్ తెలుగు పనిచేయదు. ఆ తర్వాత దాని కంపెనీ అడోబీ దాన్ని పక్కనపెట్టి ఇన్‌డిజైన్ మీదే పని చేసింది. అంటే మీరు రోజూ తెరిచే సాఫ్ట్‌వేర్ ఎదుగుదల ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది. మీవారు షాపు తెరిచిన రోజుకే అది దాని ఆఖరి రూపం.

కాబట్టి మొదటి నిర్ణయం సాఫ్ట్‌వేర్ పేరు గురించి కాదు. ఇక మీదట కొత్త మేటరు ఏదైనా యూనికోడ్‌లోనే కొట్టండి. దీన్ని నేను గట్టిగానే చెబుతున్నాను. మిగతా ఎంపికల్లో పొరపాటు జరిగినా మేటరు యూనికోడ్‌లో ఉంటే దిద్దుకోవచ్చు.

మీ చేతి వేగం గురించి భయపడకండి. ఆపిల్ లేఅవుట్‌తోనే, అంటే మీటల మీద తెలుగు అక్షరాల అదే అమరికతోనే, యూనికోడ్ కొట్టే కీబోర్డు డ్రైవర్లు ఉన్నాయి. మీటలు దాదాపు మీకు అలవాటైన చోటే ఉంటాయి. కొన్ని ఒత్తుల దగ్గర, పొల్లు దగ్గర తేడా వస్తుంది, వారం పది రోజులు చేయి తడబడుతుంది. అయినా పరవాలేదు. సాఫ్ట్‌వేర్ ఎంచుకునేవాళ్లు చాలామంది మర్చిపోయేది ఈ సంగతే. ఏళ్ల తరబడి వేళ్లకు అబ్బిన విద్య కూడా పెట్టుబడే. దాన్ని పారేయమనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా వచ్చినా ఖరీదైనదే. మీ అబ్బాయి ఫోనులో కొట్టినట్టు ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పించుకోమంటే మాత్రం ఒప్పుకోకండి. నాలుగు ముక్కల మెసేజ్‌కు అది బాగుంటుంది, నలభై పేజీల మేటరుకు మీ వేగం సగానికి పడిపోతుంది.

ఇప్పుడు మీ బిల్లు పుస్తకం ముందు పెట్టుకోండి. పోయిన ఏడాది బిల్లులు తిరగేసి కార్డులకెంత, ప్రశ్నపత్రాలకెంత, పుస్తకాలకెంత, కరపత్రాలకెంత వచ్చిందో విడివిడిగా కూడండి. ఒక సాయంత్రం పని. ఫ్లెక్సీ షాపువాళ్లు కోరల్‌డ్రా చాలన్నది వాళ్ల పనికి సరైన మాట. వాళ్లు ఒక్క పేజీ మీద పెద్ద బొమ్మ, నాలుగు పేర్లు పెడతారు. మీరు వంద పేజీల కవితల పుస్తకం కడతారు. పేజీ నంబర్లు, విషయసూచిక, ఒక పేజీలో లైను పెరిగితే తర్వాతి పేజీలన్నీ సర్దుకోవడం లాంటివి కోరల్‌లో చేస్తే ప్రాణం విసిగిపోతుంది. అలాగని పుస్తకాలు ఏడాదికి మూడే వస్తుంటే వాటి కోసం ఏడాది పొడుగునా డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్ పెట్టుకోవడమూ సరికాదు. ఇంకొకరి పనికి నప్పిన సాఫ్ట్‌వేర్ మీకు నప్పకపోవడంలో వింతేమీ లేదు.

పేరు ఏదైనా సరే, కొనేముందు ఒక పరీక్ష పేజీ తయారు చేసుకోండి. నా దగ్గర అలాంటిది ఒకటి ఉంది, ఏ కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినా ముందు దాని మీదే నడిపి చూస్తాను. శ్రీ, స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం, మత్స్యం, ఉత్ప్రేక్ష, జ్యోత్స్న – ఈ మాటలు అందులో ఉండాలి. తెలుగును సరిగా పలకలేని సాఫ్ట్‌వేర్ ‘స్త్రీ’ దగ్గరే దొరికిపోతుంది, ఒత్తులు విడిపోయి పక్కపక్కన నిలబడతాయి. ‘జ్యోత్స్న’లో ఒత్తు కింద ఒత్తు వస్తుంది కదా, అది కింది లైనులోని గుడిని తాకుతోందేమో చూడండి. ‘సాఫ్ట్‌వేర్’ అని కొట్టి, ‘ట్’ కింద ‘వ’ వత్తు పడకుండా పొల్లు నిలుస్తోందా చూడండి. పద్యాల పుస్తకాలు వస్తే అరసున్న, బండి ఱ కావాలి, అవీ వేయండి. పెళ్లి కార్డులో చి॥ల॥సౌ॥ అని రాస్తాం కదా, ఆ రెండు నిలువు గీతలు కొన్ని యూనికోడ్ ఫాంట్లలో ఉండవు, వాటి బదులు ఖాళీ డబ్బా పడుతుంది. కార్డు అచ్చయ్యాక చూసుకుంటే పెళ్లివారికి ఏం సమాధానం చెబుతాం? పేజీని తెర మీద చూసి ఊరుకోకండి. పీడీఎఫ్ చేసి, కాగితం మీద ప్రింటు తీసి చూసుకోండి. అమ్మే మనిషి ఎంత గొప్పగా చెప్పినా ఈ పేజీ సరిగా రాకపోతే ఆ సాఫ్ట్‌వేర్ మీకు పనికిరాదు.

ఇన్‌డిజైన్ సంగతి. మీ అబ్బాయి చెప్పింది మంచి సాఫ్ట్‌వేరే, పుస్తకం పనికి దానికి సాటి వచ్చేవి తక్కువ. తెలుగు యూనికోడ్ కూడా సరిగా వస్తుంది. కాకపోతే అందులో లైన్లు పేర్చే సెట్టింగును, అంటే పేరాగ్రాఫ్ కంపోజర్‌ను, వరల్డ్-రెడీ కంపోజర్‌కు మార్చాలి. ఇది తెలియక ఒత్తులు విరిగిపోతుంటే తెలుగు రాదనుకుని వదిలేసినవాళ్లు నాకు తెలుసు. అసలు ఆలోచించాల్సింది దాని అద్దె పద్ధతి. 2013 నుంచి అడోబీ తన సాఫ్ట్‌వేర్ల కొత్త వెర్షన్లను చందా మీదే ఇస్తోంది. కట్టినన్నాళ్లు నడుస్తుంది, ఆపితే ఆగుతుంది. మీరు చేసిన ఫైళ్లు మీ డిస్కులోనే ఉంటాయి, తెరవడానికి తాళం మాత్రం ఉండదు. చందాలో కూడా రకాలున్నాయి. నెలకు తీసుకుని నెలకు ఆపేసేది ఒకటి. ఏడాదికి ఒప్పుకుని నెలనెలా కట్టేది ఇంకొకటి. రెండోది నెలకు తక్కువగా కనిపిస్తుంది కానీ మధ్యలో మానేస్తే రుసుము పడుతుంది. కట్టే ముందు ఆ షరతు మీ అబ్బాయితో మీ ఎదుటే చదివించండి. రేటు అడిగేటప్పుడు 18 శాతం జీఎస్టీ కలిపి, మూడేళ్లకు మొత్తం ఎంతవుతుందో అడగండి. నెల రేటు చూసి చాలామంది చిన్న మొత్తం అనుకుంటారు.

మాస్టారు చెప్పిన ఉచిత సాఫ్ట్‌వేర్లను తేలిగ్గా తీసుకోకండి. లిబ్రే ఆఫీస్ 2010 నుంచి ఉంది. మీ ప్రశ్నపత్రాలు, కరపత్రాలు, దరఖాస్తులు, పుస్తకాల మేటరు కొట్టడం, ప్రూఫులు దిద్దడం, అన్నీ దాని రైటర్‌లో హాయిగా జరుగుతాయి. లెక్కల పేపర్లకు సూత్రాలు రాసే సదుపాయం కూడా ఉంది. అది దాచే ఓడీటీ ఫైలు పద్ధతి 2006లోనే అంతర్జాతీయ ప్రమాణం అయింది. అంటే ఆ ఫైలు ఎలా కట్టి ఉంటుందో బహిరంగంగా రాసి పెట్టారు. రేపు లిబ్రే ఆఫీస్ లేకపోయినా ఇంకొకరు దాన్ని తెరిచే సాఫ్ట్‌వేర్ రాయగలరు. నా సీడీ కథ మళ్లీ జరగకుండా కాపాడేది ఇదే.

పుస్తకం పేజీలు కట్టడానికి స్క్రైబస్ ఉంది. ఇక్కడ ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. పాత 1.4 వెర్షన్‌లో తెలుగు ఒత్తులు విరిగిపోతాయి. 2024 జనవరిలో వచ్చిన 1.6 గానీ, ఆ తర్వాతది గానీ తీసుకోండి, అందులో తెలుగు కుదురుగా వస్తుంది. ఆఫ్‌సెట్ ప్రెస్సుకు కావలసిన నాలుగు రంగుల పీడీఎఫ్ కూడా ఇస్తుంది. నేను దాంతో రెండు పుస్తకాలు చేశాను. ఇన్‌డిజైన్ అంత చురుగ్గా ఉండదు, పెద్ద పుస్తకమైతే నెమ్మదిస్తుంది, మెనూలు వెతుక్కోవాలి. కానీ కవితల పుస్తకంలో పేజీకి ఇరవై లైన్లు ఉంటాయి. దానికి ఇది చాలు. కార్డుల మీద డిజైనుకు ఇంక్‌స్కేప్ ఉంది. ఒకే రంగులో స్క్రీన్ ప్రింటింగ్‌కు వెళ్లే కార్డులకు బాగుంటుంది. నాలుగు రంగుల కార్డయితే డిజైన్ అక్కడ చేసి ఫైనల్ పేజీ స్క్రైబస్‌లో కట్టండి.

యూనికోడ్‌లో అందమైన ఫాంట్లు లేవని ఇంకా కొందరు అంటుంటారు. పదిహేనేళ్ల కింద అది నిజమే. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారి పోతన, వేమన ఫాంట్లే అప్పట్లో మాకు దిక్కు. తర్వాత సిలికానాంధ్ర వాళ్లు విడుదల చేసిన మండలి, రామభద్ర, సూరన్న, పెద్దన, ధూర్జటి, గురజాడ, తిమ్మన లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. వ్యాపారానికి వాడుకోవడానికి కూడా లైసెన్సు అడ్డు చెప్పదు. పుస్తకం మేటరుకు నేను మండలి పెడతాను. పెళ్లి కార్డుల శీర్షికలకు మాత్రం అనులో ఉన్నంత రకం ఇంకా రాలేదు, ఆ లోటు ఉంది. వధూవరుల పేర్ల కోసం పాత ఫాంటే కావాలంటే ఆ రెండు లైన్లకు వాడుకోండి, తప్పులేదు. కార్డు ఒక్క ముహూర్తానికే కదా. మళ్లీ ముద్రించాల్సిన పుస్తకం అలా కాదు.

ఇక ఆ రెండు వేల లోడింగ్ మాట. దయచేసి వద్దు. అతను వేసేవి దొంగ కాపీలు. వాటిని వేసేటప్పుడు ముందు యాంటీవైరస్ ఆపేస్తారు, అది గమనించారా? ఆ ఆపిన సందులో ఏం దూరుతుందో అతనికీ తెలియదు. నాకు తెలిసిన ఒక ప్రెస్సులో అలాగే జరిగింది. ఒక ఉదయం వచ్చేసరికి ఫైళ్లన్నీ తాళం పడి, డబ్బు కడితేనే తీస్తామని తెర మీద సందేశం ఉంది. స్కూళ్ల పేపర్లు, పార్టీల డిజైన్లు, పదకొండేళ్ల పని పోయింది. చట్టం కూడా చూడండి. కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసీ సాఫ్ట్‌వేర్ వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. ఇవి వ్యాపారం చేసే షాపుకు వర్తించే శిక్షలు. అందరూ అదే వాడుతున్నారు కదా అని అతను అంటాడు. ఏదైనా జరిగితే ఫైళ్లు పోగొట్టుకునేది మీరు, అతను కాదు. ఉచితంగా, చట్టబద్ధంగా దొరికేవి ఇన్ని ఉండగా ఆ అవసరం మీకు లేదు.

కంప్యూటర్ గురించి ఎక్కువ చెప్పను. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ రక్షణ అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ముగిసింది. అందుకని అసలు లైసెన్సుతో విండోస్ 11 ఉన్నదే తీసుకోండి. వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ డిస్కు ఉండాలి, ర్యామ్ 8 జీబీకి తగ్గకూడదు, 16 అయితే మంచిది. మీ అరవై వేలల్లో ఎక్కువ భాగం దీనికే పోనివ్వండి. ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు కూడా అందులోనే కొనండి. సెకండ్‌హ్యాండ్ తక్కువకు వస్తోందని తీసుకుంటే విండోస్ 11 ఎక్కుతుందో లేదో ముందే చూసుకోవాలి. పాత ప్రాసెసర్ల మీద, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేని వాటి మీద అది సరిగా ఎక్కదు.

మీ పాత ఫైళ్ల దగ్గరికి వచ్చాం. పాత కంప్యూటర్‌ను ఎక్స్చేంజ్‌లో ఇచ్చేయకండి. వాళ్లు దానికి మహా అయితే వెయ్యో పదిహేను వందలో కడతారు, కానీ మీవారి ఇరవై ఏళ్ల పనికి అదొక్కటే తాళంచెవి. ముందు ఫైళ్లన్నీ, ఫాంట్లతో సహా, ఆ ఎక్స్‌టర్నల్ డిస్కుకు కాపీ చేయించండి. సిస్టమ్ ఇప్పటికే ఆగిపోతోందన్నారు, కనుక ఇది ఈ వారమే జరగాలి, కొత్తది కొనేదాకా ఆగకండి. తర్వాత దాని ఇంటర్నెట్ తీసేసి ఒక మూల పెట్టుకోండి. పాత పని వచ్చినప్పుడు మాత్రం తెరవండి.

అన్నీ మార్చాలని కూర్చోకండి. 2009 నాటి పెళ్లి కార్డు మళ్లీ ఎవరికీ అక్కర్లేదు. పుస్తకాలు, ఏటేటా తిరిగొచ్చే ప్రశ్నపత్రాలు, గుళ్ల ఉత్సవాల కరపత్రాలు వేరు చేసుకోండి. వాటిలో ఒక్కోదాన్నీ పీడీఎఫ్ చేయండి, మేటరును విడిగా బయటికి తీసి అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌తో మార్చండి. మార్చాక ప్రూఫు తప్పదు. ఒత్తుల దగ్గర, అంకెల దగ్గర, ఇంగ్లీషు మాటలు కలిసిన చోట తప్పులు వస్తాయి. ఒక హెచ్చరిక. ఇంటర్నెట్‌లో మేటరు అతికించి మార్చుకునే సైట్లు ఉన్నాయి. కవితలకు వాడండి, ప్రశ్నపత్రాలకు మాత్రం వద్దు. పరీక్ష జరగని పేపరును ఎవరిదో తెలియని సైటులో అతికించడమంటే ఆ స్కూలు మీ మీద పెట్టుకున్న నమ్మకాన్ని బజార్లో పెట్టడమే. మీ కంప్యూటర్‌లోనే నడిచే కన్వర్టర్ వాడండి. సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు ‘మనం ఇచ్చేది ఎక్కడికి పోతుంది’ అనే ప్రశ్న కూడా ఒకటుందని మీ అబ్బాయికీ చెప్పండి. అసలు ఫైలే తెరుచుకోని పుస్తకమైతే అచ్చు ప్రతిని స్కాన్ చేసి, బొమ్మలోని అక్షరాలను మేటరుగా మార్చే ఓసీఆర్ పెట్టండి. గూగుల్ డ్రైవ్‌లో తెలుగు ఓసీఆర్ ఇప్పుడు బాగానే వస్తోంది. 2015లో నాకీ సంగతి తెలిసి ఉంటే ఆ పెద్దాయన్ని అంత కష్టపెట్టేవాణ్ని కాదు.

పీడీఎఫ్ ఉంది కదా అని ధైర్యపడవద్దు. తెలుగు పీడీఎఫ్‌లో కంటికి అంతా సరిగ్గానే కనిపిస్తుంది, తిరిగి మేటరు కాపీ చేయబోతే ఒత్తులు చెదిరిపోతాయి, చాలాసార్లు వెతికినా మాట దొరకదు. అందుకే ప్రతి పుస్తకానికీ మూడు దాచండి: పీడీఎఫ్, పేజీలు కట్టిన ఫైలు, ప్రూఫు పూర్తయిన యూనికోడ్ మేటరు. ఇన్‌డిజైన్ వాడితే దాంతోపాటు ఐడీఎంఎల్ అనే రకం ఫైలు కూడా తీసి పెట్టుకోండి, దాన్ని స్క్రైబస్ కూడా చదువుతుంది. కోరల్‌వాళ్లకో ప్రెస్సుకో పంపేటప్పుడు ఫాంటు ఇబ్బంది లేకుండా కర్వ్స్ చేసి పంపడం మామూలే, కానీ కర్వ్స్ చేయని కాపీ మీ దగ్గర ఉండాలి. కర్వ్స్ అయ్యాక అవి గీతలే, అక్షరాలు కావు. ప్రెస్సువాళ్లు ఏ ఫైలు తీసుకుంటారో ముందే అడిగి ఉంచుకోండి. ఎక్కువమంది పీడీఎఫ్ చాలంటారు, అప్పుడు వాళ్ల దగ్గరున్న సాఫ్ట్‌వేరే మీ దగ్గరా ఉండాలన్న అవసరం పోతుంది.

ఒక్కటి చెప్పమన్నారు. మీ షాపుకు నేనైతే ఇలా చేస్తాను. మేటరు, ప్రశ్నపత్రాలు అన్నీ లిబ్రే ఆఫీస్‌లో, ఆపిల్ లేఅవుట్‌తో యూనికోడ్‌లో. మొదటి కవితల పుస్తకం స్క్రైబస్‌లో ప్రయత్నిస్తాను. అది చేతికి రాకపోతే, పుస్తకం చేతిలో ఉన్న నెలకు మాత్రం ఇన్‌డిజైన్ నెల చందా కడతాను, ఆ ఖర్చు పుస్తకం బిల్లులోనే వేస్తాను. కోరల్ ఇప్పుడే కొనను. కార్డుల మీద ఆదాయం సగం దాటిందని బిల్లు పుస్తకం చెబితే అప్పుడు ఆలోచిస్తాను. కొంటే అసలుది కొంటాను. ఏదైనా నేర్చుకుంటూ ఇరుక్కుంటే ఫోనెత్తే మనిషి నందిగామలో గానీ విజయవాడలో గానీ ఉన్నారా అని ముందే వాకబు చేసి పెట్టుకుంటాను. ఆ మాస్టారు తానే వాడుతున్నారేమో అడగండి. వాడుతుంటే, పక్కన కూర్చోబెట్టుకుని నేర్పే మనిషి మీకు ఊళ్లోనే దొరికినట్టు.

మార్చే రోజు కూడా చూసుకోండి. మాఘంలోనో శ్రావణంలోనో ముహూర్తాలు ముంచుకొచ్చినప్పుడు కొత్త సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టకూడదు. ఆషాఢంలో కార్డుల పని ఉండదు కదా, అప్పుడు పెట్టుకోండి. రోజుకు గంట కొత్త కంప్యూటర్ మీద, మిగతా పని పాతదాని మీద. మొదట ఒక కరపత్రం, తర్వాత ఒక యూనిట్ టెస్టు పేపరు, ఆ తర్వాతే పుస్తకం. అప్పటికి పాత సిస్టమ్ నడిచేలా మెకానిక్‌తో దుమ్ము దులిపించి, ఫ్యాను మార్పించండి. అది మాటిమాటికీ ఆగడానికి వేడెక్కడం కూడా కారణం కావచ్చు. రెండు మూడు వందల ఖర్చుతో ఇంకో ఆరు నెలలు సాగితే మీకు తొందర ఉండదు.

ఈ వారం ఫైళ్లు కాపీ అయ్యాయో లేదో నాకు తప్పకుండా రాయండి. పరీక్ష పేజీ ప్రింటు తీశాక దాని ఫొటో కూడా పంపండి. ‘జ్యోత్స్న’ ఎలా వచ్చిందో చూసి, లైన్ల మధ్య ఎడం ఎంత పెట్టాలో చెబుతాను.